నేరం చేయని అంకాలమ్మ

మా అమ్మమ్మ అంకాలమ్మ బతికున్నన్నాళ్ళూ ఒక్క నేరం కూడా చేయలేదు. దానివల్ల మాకు ఇంత నష్టం వస్తుందని అప్పుడెవరికీ తోచలేదు. తోచి ఉంటే నలుగురం కూర్చుని నచ్చజెప్పి, కనీసం ఒక కోడినైనా ఎత్తుకు రమ్మని పంపించేవాళ్ళం.

సంగతి నర్సుల కాలేజీతో మొదలైంది. మా మండల కేంద్రం కాకర్లపేటలో ప్రభుత్వం వారు కొత్తగా నర్సింగు కాలేజీ పెట్టారు. నా కొడుకు కూతురు అఖిలకు చిన్నప్పటి నుంచీ ఆ చదువు మీదే మనసు. ఊళ్ళో ఎవరి మోకాలు చెక్కుకుపోయినా పసుపూ పాత చీరపేలికా పట్టుకుని పరిగెత్తేది. కట్టు కట్టించుకోవడానికి మనుషులు దొరకని రోజు మా గేదె కొమ్ముకు కట్టింది. మార్కులు బాగా వచ్చాయి. సీటు ఖాయం అనుకుని నేను తెల్లచీర బేరం కూడా ఆడి వచ్చాను. ఇప్పుడు నర్సులు తెల్లచీర కట్టరని తరువాత తెలిసింది.

ఆ ఏడాది పెద్దలందరికీ ముత్తాతల మీద ప్రేమ పుట్టింది. పైన ఎవరో ఒకాయనకు తన ముత్తాత పేరు పాత కాగితంలో కనిపించిందట, ఆయన కళ్ళు తుడుచుకున్నాడట, పక్కనే ఉన్నవాళ్ళు ఫొటో తీశారట. అంతే, కింద ఉన్నవాళ్ళందరూ తలా ఒక ముత్తాతను వెతుక్కోవడం మొదలుపెట్టారు. 'వేళ్ళు వెతుకు, వంశం నిలుపు' అని మా బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు. మండలానికొక పూర్వీకుల విభాగం పెట్టారు. ఆ వేడిలోనే ఒక ఉత్తర్వు వచ్చింది. నర్సింగు కాలేజీలో సీట్లు మూలవాసులకే. మూలవాసి అంటే, తన పూర్వీకులు వందేళ్ళకు ముందే ఈ మండలంలో బతికినట్టు ప్రభుత్వ రికార్డు చూపించి, పూర్వీక ధ్రువపత్రం తెచ్చుకున్న మనిషి.

మాకేం భయం అనుకున్నాను. మా ఊరు రాళ్ళమిట్టను మేము వదిలి పోయింది ఎప్పుడు? పోయి చూసొచ్చిన ఊళ్ళు కూడా మళ్ళీ సాయంత్రానికి ఇల్లు చేరగలిగినంత దూరంలోవే. అఖిలను వెంటబెట్టుకుని కాకర్లపేట పోయాను.

పూర్వీకుల విభాగానికి ప్రత్యేకాధికారి దివాకరం గారు. మల్లెపువ్వులాంటి తెల్లచొక్కా, మడత నలగని మనిషి. ఆయన కూర్చున్న కుర్చీ కూడా నలిగినట్టు ఉండదు. ఎదురుగా కంప్యూటరు, దాని పక్కన గుమాస్తా సుభాని. సుభాని మంచి పిల్లవాడే, ముగ్గురు బిడ్డల తండ్రి, అయినా నాకు పిల్లవాడే.

"పూర్వీకురాలి నామధేయము?" అన్నారు దివాకరం గారు.

"అంకాలమ్మ. నాకు అమ్మమ్మ, మా ఇంటాయనకు నాయనమ్మ. మేనరికంలే బాబూ, ఎటుపక్క నించి ఎక్కినా ఆమె కాడికే పోతాం."

"జనన తేదీ?"

"పెద్ద గాలివాన వొచ్చిన ఏడు. దూడలన్నీ కొట్టకపోయినాయంట."

"సదరు గాలివాన గురించి ధ్రువీకరణ ఉన్నదా?"

"దూడలు పోయినోళ్ళు ఏడ్చినారంట బాబూ."

ఆయన సుభాని వైపు చూశారు. సుభాని 'లేదు' అని కొట్టాడు.

"మరణము?"

"నా పెళ్ళైన మరుసటేడు. పొద్దున శెనక్కాయలు పెరికింది, మధ్యాన్నం సజ్జరొట్టె తినింది, గోడకానుకోని కూసుంది. మేం నిద్రబోతందనుకున్నాం."

"మరణము ఎక్కడైనా నమోదు చేయబడినదా?"

"మట్టి చేసినాం గదా."

"అది ప్రైవేటు కార్యక్రమము" అన్నారాయన. తరువాత చేతులు రెండూ జోడించి బల్ల మీద పెట్టుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు. "చూడండమ్మా. రికార్డు లేని వ్యక్తి మరణించుటకు అవకాశము లేదు. జన్మించుటకు అంతకన్నా లేదు. అంకాలమ్మ గారి పట్ల ప్రభుత్వమునకు ఎట్టి ద్వేషభావమూ లేదు. ఆమె సంభవించినట్టు ప్రభుత్వమునకు సమాచారము లేదు, అంతే."

"మరి మాయమ్మను కనిందెవురు బాబూ?"

"అది మీ కుటుంబ అంతర్గత వ్యవహారము."

అఖిల నా చెయ్యి గిల్లింది, మాట పెంచొద్దని. కౌన్సెలింగు లోపల కాగితం తెస్తే సరే, లేకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుందని ఆయన గంటు మొహంతోనే అయినా మర్యాదగానే చెప్పారు. జిల్లా రికార్డు గదిలో పాత కట్టలున్నాయి, వెతుక్కోమని సుభానిని తోడిచ్చి పంపారు.

రికార్డు గది అంటే నేనేమో మా ఊరివాళ్ళ సంగతులన్నీ అందులో ఉంటాయనుకున్నాను. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరు ఏం పండించారు, ఎవరి చెయ్యి మంచిది, ఎవరి పాట బాగుంటుంది, ఇవన్నీ ప్రభుత్వం వారు రాసి దాచి ఉంటారనుకున్నాను. సుభాని ఒక్కొక్క కట్టా విప్పి దుమ్ము దులిపి చదివాడు. మొదటి కట్ట దొంగతనాలు. రెండో కట్ట కొట్లాటలు. మూడోది దొంగసారా. ఆ తరువాతది జైలు నుంచి పారిపోయినవాళ్ళు. వాళ్ళ గురించి చాలా శ్రద్ధగా రాశారు, పుట్టుమచ్చలతో సహా.

"అవ్వా, ప్రెబుత్వానికి కోపమొస్తేనే గాని కలం తియ్యలేదు ఆ రోజుల్లో" అన్నాడు సుభాని. "మీ అంకాలమ్మ ఎవురినన్నా కొట్టిందా?"

"మమ్మల్ని కొట్టేది, అన్నం తినకపోతే."

"అది కేసు కాలేదు గదా. సారా కాసిందా?"

"రాగిజావ కాసేది."

సుభాని తల పట్టుకున్నాడు. నేనూ పక్కన కూర్చుని మా అమ్మమ్మ చేజార్చుకున్న అవకాశాలన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. మా జొన్నచేలో పక్కవాళ్ళ ఎద్దు పడి సగం మేసింది. తోలుకుపోయి బందెలదొడ్డిలో కట్టేయిస్తే, అక్కడ దస్త్రంలో ఎద్దు రంగూ కొమ్ముల వంకరా, తోలుకొచ్చినవాళ్ళ పేరూ అన్నీ రాసేవాళ్ళట. ఈమె ఏం చేసింది? ఎద్దుకు నీళ్ళు పెట్టి, మెడ నిమిరి, ఇంటికి తోలేసింది. గట్టు జరిపి పొలం కలుపుకున్న మరిదిని కోర్టుకు ఈడ్చిందా? లేదు, 'వాడికి ఆడపిల్లలెక్కువ' అనేసి ఊరుకుంది. మా ఊరంతా అదే తీరు. తగువులొస్తే కూర్చుని తీర్చుకునేవాళ్ళు, పోలీసు మొహం చూడని ఊరని తిరునాళ్ళల్లో గొప్పలు చెప్పుకునేవాళ్ళు. ఆ గొప్పలకు ఇప్పుడు మా పిల్లలు ఫలితం అనుభవిస్తున్నారు.

చివరికి మశూచి టీకాల కట్ట ఒకటి దొరికింది. సుభాని మొహం వెలిగింది, నా ప్రాణం లేచొచ్చింది. టీకాలవాడు మా ఊరొచ్చిన రోజు గురించి అమ్మమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఊళ్ళో సగంమంది గడ్డివాముల్లో దూరారట. ఈమె మటుకు అందరికన్నా ముందు చెయ్యి చాపి నిలబడి, 'కానీయ్ నాయనా, నాకు చేలో పనుంది' అన్నదట.

సుభాని చదివాడు. "రాళ్ళమిట్ట గ్రామము. టీకాలకు భయపడి దాగికొన్నవారు." కింద వరసగా పేర్లు, తండ్రుల పేర్లు, ఏ వాములో దొరికారో ఆ వాము ఎవరిదో, అంతా ఉంది. "టీకాలు వేయించుకొన్నవారు. పురుషులు పన్నెండుగురు. స్త్రీలు ముప్పై ఒక్కరు."

"పేర్లు?" అన్నది అఖిల.

"చెప్పినమాట విన్నోళ్ళకి పేర్లెందుకమ్మా" అన్నాడు సుభాని, కట్ట మూసేస్తూ.

అయినా ఆ నకలు తీసుకుని దివాకరం గారి దగ్గరికి పోయాం. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివారు.

"సంతోషము. ఈ ముప్పై ఒక్కరిలో అంకాలమ్మ గారు ఒకరని మీ వాదన. పరిశీలనార్హమైన వాదనే. అయితే మిగతా ముప్పైమంది స్వయముగా హాజరై, మిగిలిన ఆ ఒక్కరు ఈమేనని వాంగ్మూలము ఇవ్వవలసి ఉంటుంది."

"వాళ్ళందరూ పోయి ఎన్నేళ్ళయింది బాబూ."

"వారి గైర్హాజరీకి విభాగము బాధ్యత వహించదు."

మేము ఇలా తిరుగుతూ ఉండగా మా ఎదురింటి బాలకోటయ్య ఇంట్లో పండగ జరుగుతోంది. బాలకోటయ్య ముత్తాత గురవయ్య మేకల దొంగ. ఆ మాట ఆ ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ పైకి అనలేదు. పిల్లను చూసుకోవడానికి వచ్చినవాళ్ళు మేకల ఊసెత్తితే వక్కపొడి అందించి మాట మార్చేవాళ్ళు. ఇప్పుడు రికార్డు గదిలో గురవయ్య ఏడు చోట్ల దొరికాడు. పేరు, ఊరు, తండ్రి పేరు, ఎత్తు, ఎడమ చెవి తెగిన సంగతి, జైల్లో తిన్న గంజి కొలతతో సహా. బాలకోటయ్య కూతురికి కాగితం చేతికొచ్చేసింది. బాలకోటయ్య ఆ ముత్తాత శిక్షాపత్రం నకలు అద్దం కట్టించి, పసుపు రాసి, గుమ్మానికి ఎదురుగా తగిలించి దండ వేశాడు. ఊరి మొగదల ఫ్లెక్సీ కట్టాడు. 'స్వర్గీయ మేకల గురవయ్య గారి వంశీకులు మీకు స్వాగతం పలుకుతున్నారు.'

"అత్తా, మీ అంకాలమ్మ పెద్ద మనిషే, కాదన్లా" అన్నాడు నన్ను చూసి జాలిగా. "అయితే ముందుచూపు లేదు. మా ముత్తాత చూడు, మాకోసరం ఎన్ని దెబ్బలు తిన్నాడో."

"మీకోసరమని ఆయనకి తెలవదులే కోటయ్యా. మేక కోసరం తిన్నాడు."

"పెద్దోళ్ళ త్యాగాలు అట్టానే ఉంటాయి."

దివాకరం గారు కాలక్రమాన ధ్రువపత్రాలకు తరగతులు కూడా పెట్టారు. పూర్వీకులకు జైలుశిక్ష పడి ఉంటే మొదటి తరగతి, జుల్మానా పడితే రెండో తరగతి, మందలించి వదిలేస్తే మూడో తరగతి. టీకాలకు దాక్కున్నవాళ్ళకు నాలుగో తరగతి ఇస్తామని మాట ఇచ్చారు. కాకర్లపేటలో పెళ్ళిళ్ళ పేరయ్య గోత్రం అడగడం మానేసి తరగతి అడుగుతున్నాడని విన్నాను. మా ఊరి రిటైరు మేష్టారు ఒకాయన, జీవితమంతా నీతులు చెప్పినాయన, తన తాత తమ్ముడు బావిలో ఎవరినో తోసినట్టు చిన్న ఆధారం దొరికితే కొబ్బరికాయ కొట్టాడు. ఆ తోసినాయన తరువాత తాడేసి పైకి లాగాడని తెలిసి, తరగతి తగ్గుతుందేమోనని మంచం పట్టాడు.

కౌన్సెలింగు దగ్గరపడింది. అఖిల అన్నం సరిగ్గా తినడం మానేసింది. నా ముందు మాత్రం ఏం ఎరగనట్టు పాటలు పెట్టుకునేది. ఒకరోజు దూడకు గడ్డి వేస్తూ దానితో, "నాకు రాకపోతే ఏమైందిలేవే, పైసంవత్సరం చూద్దాం" అంటుంటే విన్నాను. దూడ ఏమీ అనలేదు.

సరిగ్గా అప్పుడే కొత్త పథకం వచ్చింది. నేరాలు చేయని పూర్వీకులు చాలామంది ఉండి, వారి సంతానానికి అన్యాయం జరుగుతోందని పైవాళ్ళ దృష్టికి వెళ్ళిందట. అందుకని కనికరించి 'ఆలస్య నేర నమోదు మేళా' పెట్టారు. పూర్వీకులు ఎప్పుడో చేసి ఉండగల నేరాన్ని ఇప్పుడు నమోదు చేసుకోవచ్చు. నష్టపోయిన ఇంటి వారసుడు ఫిర్యాదు ఇవ్వాలి, నేరం చేసిన ఇంటి వారసుడు మైకులో ఒప్పుకుని ముద్ర వేయాలి. ఇద్దరికీ మజ్జిగ ప్యాకెట్టు.

బాలకోటయ్య అదే పూట మా ఇంటికొచ్చాడు.

"అత్తా, అఖిల మా పిల్లతో కలిసి పెరిగిన పిల్ల. నేను ఫిర్యాదిస్తా. మా గురవయ్య తాత ఇంటి కాణ్ణించి మీ అంకాలమ్మ మేకను తోలకపోయిందా లేదా?"

"తోలకొచ్చింది. అది మా మేక గదరా. మీ తాత రాత్రి ఎత్తకపోతే, ఈమె తెల్లారి పోయి కట్టుతాడు ఇప్పుకోని తోలకొచ్చింది."

"మా తాత స్వాధీనంలో ఉన్నప్పుడు తోలకొచ్చింది గదా. దివాకరం గారిని అడిగినా. చెల్లుద్దన్నారు."

"తోలకొచ్చి ఏం చేసిందో అదీ చెప్పినావా? మీ ముత్తాత పెళ్ళాం బాలింతరాలు, పాల్లేక బిడ్డ గుక్క పట్టి ఏడస్తన్నాడని, ఆ మేక పాలే పూటపూటా చెంబుతో పంపింది. ఆ బిడ్డే గదా నీకు తాత. ఆ పాలు తాగకపోతే నువ్వీడ నిలబడి మీసం దువ్వుకునేవాడివా?"

బాలకోటయ్య కాసేపు తల దించుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు.

"పాల సంగతి రాస్తే కేసు పల్చబడుద్దంట అత్తా" అన్నాడు మెల్లగా.

అఖిల ఒప్పుకోలేదు. "ఆమె పేరు చెప్పుకోని నేను చదవాలి గాని, ఆమెను దొంగను చేసి కాదు నాయనమ్మా" అన్నది. నేనే కసిరాను. పోయినావిడకు పేరుతో పనేముంది, బతికున్న పిల్లకు చదువుతో పనుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అమ్మమ్మ ఉంటే తనే 'కానీయ్' అనేదని కూడా చెప్పుకున్నాను. మేళాకు పోతూ దారి పొడుగునా ఇదే చెప్పుకున్నాను. నిజమైతే అన్నిసార్లు చెప్పుకోవలసిన అవసరం ఉండదు కదా.

మేళా హైస్కూలు ఆటస్థలంలో. షామియానా, కుర్చీలు, మైకు. జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. ఒక్కొక్కరు వేదిక ఎక్కి తమ తాతముత్తాతల నేరాలు ఒప్పుకుంటుంటే కిందనుంచి చప్పట్లు. మా ఊరి సీతారావమ్మ, వాళ్ళ జేజి వడ్లలో రాళ్ళు కలిపిందని చెప్పి, రెండో తరగతి ఇవ్వగానే ఆనందం పట్టలేక ఏడ్చేసింది. ఒక కుర్రవాడు ఏకంగా రెండు హత్యలు చెప్పాడు. ఎవరిని చంపారయ్యా అంటే తడుముకున్నాడు. అయినా ఉత్సాహాన్ని నిరుత్సాహపరచకూడదని మూడో తరగతి ఇచ్చారు.

నా పేరు పిలిచారు. ఎక్కాను. ముద్ర వేయడానికి సిరా పళ్ళెం పెట్టారు. నాకు సంతకం వచ్చు బాబూ అంటే, "సంతకము ఎవరైనను నేర్వవచ్చును. చేయి మారదు. అయిదు వ్రేళ్ళూ, అరచేయితో సహా" అన్నారు దివాకరం గారు. చెయ్యంతా సిరాలో అద్దాను. నల్లగా నిగనిగలాడుతోంది. ఆయన మైకు ముందుకొచ్చి, నేను ఒప్పుకోవలసిన కాగితం గొంతు సవరించుకుని చదివారు.

"రాళ్ళమిట్ట గ్రామ నివాసి యగు అంకాలమ్మ అను స్త్రీ, శ్రీ గురవయ్య గారి స్వాధీనమందున్న ఒక మేకను దురుద్దేశముతో అపహరించినది."

చప్పట్లు కొట్టారు. కింద బాలకోటయ్య కూడా కొట్టాడు, కానీ నా మొహం చూడలేదు. అఖిల కుర్చీలో లేదు. షామియానా గుంజ పక్కన అటు తిరిగి నిలబడింది. సరే, ఒక్క నిమిషం ఓర్చుకుంటే అయిపోతుందని చెయ్యి కాగితం వైపు పోనిచ్చాను.

"ఆగండమ్మా" అన్నారు దివాకరం గారు, మైకు చేత్తో మూసి, మేలు చేస్తున్న గొంతుతో. "ఒక్క మేకకు మూడవ తరగతే వచ్చును. మూడవ తరగతికి సీటు అనుమానము. 'సదరు స్త్రీ అలవాటుగా దొంగతనములు చేయుచు, పసిబిడ్డల పాలు సైతము విడిచిపెట్టెడిది కాదు' అని ఒక వాక్యము చేర్చినచో మొదటి తరగతి. చేర్చమందురా?"

నేను కాగితం మీదే వేద్దామనుకున్నాను. చెయ్యి వినలేదు. ఆయన చెంప మీద పడింది.

గట్టిగానే పడింది. మైకు మీది ఆయన చెయ్యి జారిందేమో, ఆ చప్పుడు హైస్కూలు గోడ దాటి బస్టాండు దాకా వినపడిందని తరువాత అన్నారు. చెయ్యి తీసి చూస్తే, తెల్లటి చెంప మీద నా అయిదు వేళ్ళూ అరచేతితో సహా అచ్చు గుద్దినట్టు వచ్చాయి. ఒక్క గీత చెదరలేదు.

"మా అంకాలమ్మ దొంగ కాదు" అన్నాను. మైకులోనే అన్నాను. వందేళ్ళనాడే మా ఊళ్ళో మేకలు పెంచి, జొన్నలు పండించి బతికిన మనిషని కూడా అరిచాను.

దివాకరం గారు కొట్టలేదు, తిట్టలేదు. ఎంతైనా చదువుకున్న మనిషి. సుభాని తడిగుడ్డ తెస్తే వారించారు. "ఇది ప్రాథమిక సాక్ష్యము. తుడుచుట నేరము" అన్నారు. జిల్లా నుంచి వేలిముద్రల నిపుణుడు వచ్చేదాకా ఆయన మొహం కడుక్కోలేదు. ఆ చెంపతోనే ఆఫీసులో కూర్చుని, ఆ చెంపతోనే ఫైళ్ళు చూసి, ఆ చెంపతోనే కలెక్టరు గారి మీటింగుకు కూడా పోయి వచ్చారట. నిపుణుడు వచ్చి భూతద్దంతో చూసి, ఫొటోలు తీసి, ఇంత స్పష్టమైన ముద్ర తన సర్వీసులో చూడలేదని మెచ్చుకుని పోయాడు.

ఈలోపల స్టేషనులో కేసు పెట్టారు. ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం, చెయ్యి చేసుకోవడం. ఫిర్యాదు దివాకరం గారు తన స్వహస్తంతోనే రాశారు. ఇంకొకరు రాస్తే తప్పులు దొర్లుతాయని ఆయనకు అనుమానం. నన్ను ఆ సాయంత్రమే ఇంటికి పంపించి, ఫిర్యాదు నకలు ఒకటి చేతిలో పెట్టారు. ముద్దాయికి ఇవ్వాలట, పద్ధతి.

సీటు పోయినట్టే అనుకున్నాను. ఇంటికొచ్చి అఖిల మొహం చూడలేక పొయ్యి ముందు కూర్చున్నాను. అది ఆ నకలు తీసుకుని దీపం కింద నిలబడి చదువుతోంది. చదివినకొద్దీ దాని కనుబొమలు పైకి పోతున్నాయి.

"నాయనమ్మా, ఇది విను" అని పైకి చదివింది. "'ముద్దాయి మాలకొండమ్మ, కీర్తిశేషురాలు అంకాలమ్మ మనవరాలు. సదరు అంకాలమ్మ వందేళ్ళకు పూర్వమే రాళ్ళమిట్ట గ్రామమున నివసించి, మేకలు పెంచి, జొన్నలు పండించి, ఎట్టి దొంగతనమునకూ పాల్పడని వ్యక్తి అని ముద్దాయి కేకలు వేయుచు, ఆ కారణము చేతనే నన్ను కొట్టినది. పై విషయములన్నియు నాకు తెలిసినంతవరకు సత్యములు.' కింద సంతకం. ప్రత్యేకాధికారి ముద్ర."

తెల్లారి మేమిద్దరం పూర్వీకుల విభాగానికి పోయాం. దివాకరం గారి చెంప ఇంకా అలాగే ఉంది. అఖిల నకలు బల్ల మీద పెట్టి, ఆయన సంతకం మీద వేలుంచింది.

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. నా వైపు చూశారు, కొంచెం వెనక్కి జరిగి.

"ఇది రికార్డు" అన్నారు చివరికి. ఆ మాటలో కోపం లేదు. పోయిన వస్తువు దొరికినవాడి గొంతులా ఉంది. "ప్రభుత్వ అధికారి స్వహస్త లిఖితము. పోలీసు శాఖ స్వీకరించినది. దీనిని కాదనుటకు నాకు అధికారము లేదు."

"మరి అంకాలమ్మ ఉందా బాబూ ఇప్పుడు?"

"ఉన్నారమ్మా" అన్నారు దివాకరం గారు. "నిన్న సాయంకాలము నుంచి ఉన్నారు."

సుభాని ధ్రువపత్రం కొట్టాడు. పూర్వీకురాలు: అంకాలమ్మ. నేరము: లేదు. తరగతి గడిలో ఏం రాయాలో తెలియక చాలాసేపు తర్జనభర్జన పడి, నేరం లేని పూర్వీకులకు తరగతి ఏర్పాటు కాలేదు కనుక, మనవరాలి కేసును బట్టి మొదటి తరగతి ఇచ్చారు. అఖిలకు సీటు వచ్చింది. ఇప్పుడు రెండో ఏడు. సూది వేయడం నేర్చుకుంది, సెలవులకు వస్తే ఊళ్ళో అందరూ చేతులు వెనక్కి దాచుకుని తిరుగుతున్నారు.

నా కేసు మటుకు కోర్టులో ఇంకా నడుస్తోంది. వాయిదాకు పోతే బెంచీ మీద కూర్చోబెడతారు. వకీలు కుర్రవాడు మంచివాడు. మొన్న నా పక్కన కూర్చుని, "అవ్వా, దివాకరం గారు రాజీకి సిద్ధమంటన్నారు. ఒక్క మాట సారీ చెప్తే ఇయ్యాళే కొట్టేస్తారు" అన్నాడు.

"తొందరేముంది నాయనా. ఇంకో వాయిదా అడుగు" అన్నాను.

"ఎందుకవ్వా, ఈ వయసులో ఈ తిరుగుడు?"

అప్పుడే బంట్రోతు తలుపు దగ్గరికి వచ్చాడు. ప్రభుత్వం వారి బిళ్ళ, ప్రభుత్వం వారి గొంతు. వరండా చివరిదాకా వినపడేలా పిలిచాడు.

"అంకాలమ్మ మనవరాలు మాలకొండమ్మ..."

వకీలు లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. కూర్చో అని సైగ చేశాను. బంట్రోతు మూడుసార్లు పిలవాలి, అది రూలు. మూడోసారి పిలిచేదాకా నేను లేవను.